ఇరిమి: లోపలికి వేసే ఆ ఒక్క అడుగు

తల మీదికి కర్ర దిగివస్తుంటే వెనక్కి జరగడం ఎవరూ నేర్పనక్కరలేని విద్య. జపాన్ యుద్ధవిద్య అయిన ఐకిడోను నేర్చుకునేవారికి మొదటి కొన్ని నెలలు ఆ విద్యను మరచిపోవడానికే సరిపోతాయి. నెలకు రెండుసార్లు బెంగళూరు వెళ్ళి తరగతుల్లో కూర్చుని, మిగతా రోజుల్లో కడపలో మా మిద్దె మీద ఇద్దరు మిత్రులతో అభ్యాసం చేస్తూ వచ్చిన నాకు మణికట్టు మెలికలు, విసిరే పద్ధతులు కాస్త త్వరగానే పట్టుబడ్డాయి. గురువు "లోపలికి వెళ్ళండి" అన్నప్పుడు దేని లోపలికి, ఏ కాలితో, ఎంత దూరం అన్నది మాత్రం చాలా ఆలస్యంగా బోధపడింది. ఈ గందరగోళానికి సగం కారణం పేర్లు. ఒకే అడుగుకు ఒక్కో శాఖలో ఒక్కో పేరు ఉంటుంది, ఒకే పేరుకు ఒక్కో చోట ఒక్కో అడుగు ఉంటుంది. మిగతా సగం కారణం మనదే. ముందుకు వెళ్ళడం, పక్కకు తప్పుకోవడం, చుట్టూ తిరగడం అనే వాటిని మనం మూడు వేర్వేరు పనులుగా ఊహించుకుంటాము. ఐకిడో పాదాలకు అవి మూడూ ఒకే పనిలోని దశలు.

ఐకిడోకు మూలపురుషుడు మొరిహెయ్ ఉయెషిబా 1883లో జపాన్‌లోని తనబె పట్టణంలో పుట్టారు. 1915లో హొక్కైదో ద్వీపంలో తకెద సొకకు అనే గురువును కలిసి దైతో-ర్యూ జుజుత్సు అనే వట్టిచేతుల పోరు విద్యను అభ్యసించారు. అంతకుముందే రష్యా-జపాన్ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి తుపాకి సన్నీతో (బాయొనెట్‌తో) పోరాడే విద్యలో ఆరితేరారు. ఆయన ఖడ్గాన్నీ, బల్లేన్నీ కూడా సాధన చేసినవారు. ఐకిడో అన్న పేరు 1942లో స్థిరపడింది. ఈ చరిత్రలో మన విషయానికి పనికొచ్చే సంగతి ఒక్కటే. నేడు మనం వట్టి చేతులతో చేసే అడుగులు ఆయుధాలు ఎదురుగా ఉన్న కాలపు ఆలోచనలోంచి వచ్చినవి. బల్లెం పట్టినవాడికి బలమంతా మొనలో ఉంటుంది. ఆ మొనను దాటి లోపలికి వచ్చినవాడి ముందు పొడవైన ఆ కామ అతనికి భారమే తప్ప ఆయుధం కాదు. కర్ర సంగతి మరీ స్పష్టం. కర్రసాము చేసినవారెవరిని అడిగినా చెబుతారు, తిప్పే కర్రకు చివర వేగం ఎక్కువ, పిడికిలి దగ్గర తక్కువ. ఒక్క అడుగు వెనక్కి వేసినవాడు సరిగ్గా ఆ చివర తాకే చోటికే చేరుకుంటాడు, లేదా తప్పించుకున్నా రెండవ దెబ్బకు అందుబాటులోనే ఉంటాడు. పైగా వెనక్కి నడిచేవాడి కంటె ముందుకు నడిచేవాడు ఎప్పుడూ వేగంగానే ఉంటాడు కనుక ఆ పందెం మొదలవకముందే ఓడిపోయినట్టు. లోపలికి వెళ్ళడమనే సూత్రం ధైర్యసాహసాల ప్రదర్శన కోసం పుట్టింది కాదు, ఈ లెక్కలోంచి పుట్టింది.

అడుగు వేయడానికి ముందు నిలబడడం ఉంది. ఐకిడోలో నిలబడే భంగిమను హన్మి అంటారు, అంటే 'సగం దేహం'. ఒక కాలు ముందు, ఒక కాలు వెనుక, నడుము కొద్దిగా వాలుగా తిరిగి ఉండి, ఎదుటివారికి మన ఛాతీ పూర్తి వెడల్పున కనిపించకుండా ఉంటుంది. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే దిగేవారూ ఎక్కేవారూ తలుపు దగ్గర ఒకరినొకరు నెట్టుకునే వేళ, అలవాటుపడ్డవాడు భుజం ముందుకు పెట్టి ఏటవాలుగా దూరి ఎలా లోపలికి పోతాడో, ఛాతీ విప్పుకుని నిలబడ్డ కొత్తవాడు ఎలా వెనక్కి కొట్టుకుపోతాడో గమనిస్తే హన్మి ప్రయోజనం పాఠం లేకుండానే తెలుస్తుంది. ముందు పాదం ఎదుటివారి వైపు చూస్తుంది, వెనుక పాదం బయటికి తిరిగి ఉంటుంది, రెండు మడమలూ దాదాపు ఒకే గీత మీద పడతాయి. మా వరండాలో పరిచినవి యర్రగుంట్ల వైపు గనుల నుంచి వచ్చిన నాపరాళ్ళు, రెండడుగుల చదరాలు. వాటి అతుకుగీత మీద మడమలు పెట్టి నిలబడి, ఒక బండ పొడవుకు మించకుండా కాళ్ళ మధ్య ఎడం చూసుకోవడం మాకు ఏ కొలబద్దకూ తీసిపోని సహాయం. ఎడం మరీ ఎక్కువైతే నడుము కిందికి దిగి నిలకడగా అనిపిస్తుంది, కాని అక్కడి నుంచి కదలాలంటే ముందుగా ఒక కాలిని దగ్గరికి లాక్కోవాలి. ఆ లాక్కునే క్షణాన్నే ఎదుటివారు వాడుకుంటారు. బరువు రెండు కాళ్ళ మీదా సమంగా ఉండాలని కొందరు గురువులు, ముందు కాలి మీద కాస్త ఎక్కువ ఉండాలని యోషిన్‌కాన్ శాఖవారు చెబుతారు. నా అనుభవంలో మొదటి సంవత్సరం ఈ తేడా గురించి తలబద్దలు కొట్టుకోవలసిన పని లేదు. మోకాళ్ళు కొద్దిగా వంగి, మడమల కింద ఒక కాగితం జారేటంత తేలిక ఉంటే చాలు.

నిలబడిన ఇద్దరి మధ్య ఉండే ఎడాన్ని మా-ఐ అంటారు. దాడి చేసేవారు ఒక అడుగు వేస్తే తప్ప మనల్ని తాకలేని దూరం దాని ప్రాథమిక కొలత. ఇది కత్తిసాము నుంచి వచ్చిన లెక్క. ఈ దూరం పాటించకుండా ఎదురెదురుగా మరీ దగ్గరగా నిలబడి లోపలికి వెళ్ళడం అభ్యసిస్తే అది ఎన్నటికీ రాదు. అప్పటికే లోపల ఉన్నవాడు ఇంకెక్కడికి వెళ్తాడు? కొత్తగా చేరినవారు మాటలాడుకుంటూ క్రమంగా దగ్గరికి జరిగిపోవడం, ఆపై అడుగు ఇరుకై చేతులతో తోసుకోవడం ప్రతి తరగతిలోనూ చూసే దృశ్యమే.

ఇక నడకలు. పేర్ల చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పాదాన్ని పైకెత్తి వేయకుండా నేలను రాసుకుంటూ జరిపే పద్ధతి సురి-అషి, ఇది అన్ని నడకలకూ పునాది. మనం వీధిలో నడిచినట్టు కుడి ఎడమ కాళ్ళు ఒకదాని తరువాత ఒకటి ముందుకు వస్తే అది అయుమి-అషి. ముందు కాలు ముందుగా జరిగి, వెనుక కాలు దాన్ని అనుసరించి, చివరికి మొదట ముందున్న కాలే ముందుంటే దాన్ని చాలా ఐకిడో శిక్షణాలయాల్లో త్సుగి-అషి అంటారు. అదే కదలికను జపాన్ కత్తి క్రీడ అయిన కెండోలో ఒకురి-అషి అంటారు. అక్కడ త్సుగి-అషి అంటే వెనుక కాలిని ముందుగా ముందు కాలి దగ్గరికి తెచ్చి, ఆ తరువాత ముందు కాలిని జరపడం. రెండు విద్యల్లోనూ కొంత ప్రవేశమున్న మిత్రుడొకరు, నేనూ ఒక సాయంత్రమంతా ఇద్దరమూ ఒప్పే చెబుతూ వాదించుకున్నాము. కాబట్టి పేరు వినగానే అడుగు వేయకూడదు, ఆ గురువు కాలు ఏది ముందుగా కదిలిందో చూడాలి. పేర్లు ఎలా ఉన్నా గుర్తించవలసిన తేడా రెండు ముక్కల్లో ఉంది. అడుగు పూర్తయ్యాక ముందున్న కాలు మారిందా, మారలేదా? మారితే నడుము ఒక వైపు నుంచి మరొక వైపుకు తిరిగింది, మారకపోతే నడుము తిరగకుండా దేహం మొత్తం జరిగింది. కడుపు కింది భాగం ముందుగా కదిలి కాలు దాని వెంట రావాలన్నది రెండింటికీ సామాన్యం. కాలు ముందు పడి, దేహం దాని మీదికి తరువాత చేరితే ఆ మధ్య కాలంలో మనిషి తెరిచిన తలుపులాంటివాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఇరిమి అన్న మాటలో 'ఇరి' అంటే ప్రవేశం, 'మి' అంటే దేహం. దేహాన్ని ప్రవేశపెట్టడం అని అర్థం. చాలామంది దీన్ని 'ఎదురు వెళ్ళడం' అని తెలుగులో చెప్పుకుంటారు, అక్కడే తప్పు దొర్లుతుంది. ఎదురు వెళ్ళినవాడు దెబ్బ వచ్చే గీత మీదనే నడుస్తాడు. రెండు బళ్ళు ఒకే దారిలో ఎదురుపడ్డట్టు బలం ఎక్కువ ఉన్నవాడిదే పైచేయి అవుతుంది. ఇరిమి చేసేవాడు ముందుకు వెళ్తూనే ఆ గీతను వదిలిపెడతాడు.

మన పల్లెల్లో పొగరుబోతు ఎద్దుకు పలుపు వేయడం చూసినవారికి ఈ జ్యామితి కొత్త కాదు. దాని ముందు నిలబడితే కొమ్ము తగులుతుంది, వెనుక నిలబడితే గిట్ట తగులుతుంది, దూరంగా నిలబడితే అది ఎటైనా తిరగడానికి చోటు దొరుకుతుంది. తెలిసిన రైతు కొమ్ము పక్కగా దూరి మూపు దగ్గరికి వెళ్ళి ఆనుకుని నిలబడతాడు. పశువుకు అతి దగ్గరగా ఉండే ఆ చోటే తక్కువ అపాయం ఉన్న చోటు. ఐకిడోలో ఈ చోటును షికాకు అంటారు. ఎదుటివారి భుజానికి పక్కన, కొద్దిగా వెనుకగా, వారి చేయి గాని కాలు గాని తిరగకుండా అందుకోలేని మూల అది. ఇరిమి గమ్యం ఆ మూల. 'లోపలికి' అన్న మాటకు అర్థం దెబ్బ లోపలికి అని కాదు, దెబ్బను దాటి ఆ మూలలోకి అని.

ఒక ఉదాహరణను నిదానంగా చూద్దాము. దాడి చేసే వ్యక్తిని ఉకె అంటారు. ఉకె కుడి చేతిని కత్తిలా పైకెత్తి మన నెత్తి మీదికి దింపుతున్నాడు, దానితో పాటు అతని కుడి కాలు ముందుకు పడుతోంది. మనం కుడి కాలు ముందుంచి నిలబడి ఉన్నాము. ఇప్పుడు మన వెనుక ఉన్న ఎడమ కాలు ఎడమవైపు ఏటవాలుగా ముందుకు దూసుకుపోయి, ఉకె కుడి మడమకు వెనుకగా పడుతుంది. మన కుడి చేయి దిగుతున్న అతని చేతిని అడ్డగించదు. దాని వెంటే కలిసి కిందికి జారుతుంది. దెబ్బ మనం ఒక క్షణం క్రితం నిలబడి ఉన్న చోట పడుతుంది, మనం అతని కుడి భుజం పక్కన, అతను చూస్తున్న వైపుకే తిరుగుతూ ఉంటాము. ఇరిమి-నాగె అనే విసురు మొదలయ్యేది ఇక్కడి నుంచే. ఆ తరువాత మెడ వెనుక చేయి, గడ్డం కింద మోచేయి వంటివన్నీ కళ్ళకు ఇంపుగా కనిపించే భాగాలు. కాని అడుగు సరైన మూలలో పడకపోతే అవి బలప్రయోగంగా మారిపోతాయి, అడుగు సరిగా పడితే చేతులు చేయడానికి పెద్దగా మిగలదు.

ఈ అడుగులో జరిగే తప్పులు రెండు రకాలు. మొదటిది గీతను అవసరానికి మించి వదిలిపెట్టడం. భయం ఉన్నవాడు పక్కకు పెద్ద అంగ వేస్తాడు, దానివల్ల దెబ్బ తప్పుతుంది గాని ఉకె నుంచి దూరమూ పెరుగుతుంది, అతను తీరిగ్గా తిరిగి మళ్ళీ కొట్టగలడు. హన్మిలో దేహం ఇదివరకే సన్నబడి ఉంది కనుక గీత నుంచి తప్పుకోవలసింది సగం దేహపు వెడల్పు మాత్రమే, మిగతా అడుగంతా ముందుకే ఖర్చు కావాలి. రెండవ తప్పు వేళకు సంబంధించినది, నాకు దీన్ని సరిదిద్దుకోవడానికి ఏడాది పట్టింది. చేయి పైకి లేస్తుండగానే కదిలిపోతే ఉకె మన కొత్త చోటును చూసి దెబ్బ దిశను మార్చుకుంటాడు. దెబ్బ సగం దిగాక కదిలితే నెత్తి మీద పడుతుంది. అతను కొట్టడానికి మనసులో తీర్మానించుకుని, బరువును ముందు కాలి మీదికి వదిలేసి, ఇక వెనక్కి తీసుకోలేని ఆ క్షణమే మన అడుగుకు అదను. కబడ్డీలో కూతకు వచ్చినవాడి బరువు ఏ కాలి మీద పడిందో చూసి, అతను తిరగలేని క్షణంలోనే పట్టుకు దూకే పట్టరి చేసే పని ఇదే. మా జిల్లాల్లో కబడ్డీ ఆడి ఐకిడోకు వచ్చిన పిల్లలకు ఈ అదను మిగతావారికంటె ముందుగా అందడం చూసి మొదట ఆశ్చర్యపోయాను. ఇప్పుడైతే అది సహజమేననిపిస్తుంది.

తెన్‌కాన్ అంటే మలుపు. తరగతిలో దీన్ని ఇరిమికి వ్యతిరేకంగా, రెండవ మార్గంగా పరిచయం చేస్తారు. బలం తక్కువగా వస్తే లోపలికి వెళ్ళాలి, ఎక్కువగా వస్తే తిరగాలి అని చెప్పడం కూడా వింటాము. బోధనకు ఇది అనుకూలమే కావచ్చు గాని నేర్చుకునేవారిని ఇది ఎంతగా పెడదారి పట్టిస్తుందో చెప్పలేను. ప్రతి తరగతి ప్రారంభంలోనూ చేసే మణికట్టు పట్టు అభ్యాసాన్నే తీసుకోండి. ఉకె తన ఎడమ చేతితో మన కుడి మణికట్టును పట్టుకున్నాడు. అతని ఎడమ కాలు, మన కుడి కాలు ముందున్నాయి. మనం కుడి పాదాన్ని అతని ఎడమ పాదానికి బయటివైపుగా కొద్దిగా ముందుకు జరుపుతాము. ఆ పాదం మీద తిరుగుతూ ఎడమ కాలిని వెనుకవైపుగా అర్ధవలయంలో లాగి పెడతాము. పని ముగిసేసరికి అతని పక్కన నిలబడి, అతను చూస్తున్న వైపే చూస్తూ ఉంటాము. తిరగడానికి ముందు జరిగిన ఆ చిన్న అడుగు ఏమిటి? అది ఇరిమియే. దాన్ని మానేసి ఉన్నచోటనే తిరిగితే మన వీపు లేదా భుజం ఉకె ఛాతీకి తగిలి ఆగిపోతుంది, అప్పుడు అతని చేతిని లాగడం మొదలుపెడతాము. మలుపు సాగడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగానికి మూలం మలుపులో ఉండదు, దానికి ముందు వేయని అడుగులో ఉంటుంది.

అనంతపురం వైపు పాత కాలపు వేరుశనగ గానుగలను చూసినవారికి మిగతాది చెప్పడం తేలిక. రోలు కదలదు, ఎద్దు దాని చుట్టూ తిరుగుతుంది. తెన్‌కాన్‌లో ముందు పాదపు ముని భాగం రోలు, వెనుక కాలు ఎద్దు. రోలును ముందుగా సరైన చోట పాతాలి, ఆ తరువాతే ఎద్దును తోలాలి. పట్టుకున్న చేయి మన నాభికి ఎదురుగానే ఉండి దేహంతో పాటు తిరగాలి. అది దేహం వెనుక ఉండిపోతే భుజం బలం వాడక తప్పదు, అది వాడిన వెంటనే ఉకె మన ఉద్దేశాన్ని పసిగడతాడు.

ఇప్పుడు శాఖల తేడాలను ఈ వెలుగులో చూస్తే చిక్కు కొంత విడుతుంది. ఉయెషిబా కుటుంబం నడిపే ఐకికాయ్‌లో ఒకే పద్ధతిని ఒమొతె, ఉర అని రెండు రూపాల్లో చేస్తారు, ముందువైపు, వెనుకవైపు అని అర్థం. ఒమొతె అంటే ఇరిమి, ఉర అంటే తెన్‌కాన్ అని సమీకరణం రాసుకోవడం విద్యార్థులకు అలవాటు. ఉర రూపంలో కూడా మొదటి పాదం ఉకె పక్కకు, వెనుకగా ప్రవేశించిన తరువాతే మలుపు ఉంటుంది. గొజొ షియోద 1955లో నెలకొల్పిన యోషిన్‌కాన్‌లో తై-నొ-హెన్‌కొ అనే మూలాభ్యాసానికి ఒకటి, రెండు అని అంకెలు పెట్టారు. లాగినప్పుడు వేసే అడుగు ఒకటి, తోసినప్పుడు తిరిగే మలుపు రెండు. అక్కడి మలుపు 95 డిగ్రీల దగ్గర ఆగుతుంది, ఐకికాయ్‌లో సాధారణంగా 180 డిగ్రీల వరకు సాగుతుంది. ఈ అంకెలను చూసి ఏది అసలైనదని వాదించుకునేవారు ఉన్నారు, నాకు అందులో ఆసక్తి లేదు. రెండింటిలోనూ ప్రశ్న ఒకటే: వచ్చే బలం ఎటు పోతోందో ఆ వైపే వెళ్తూ, గీత వదిలి, అతని పక్కకు చేరామా? లాగినవాడి వైపు వెళ్ళినా, తోసినవాడి తోపుతో కలిసి తిరిగినా చేరే మూల ఒక్కటే.

మిగిలిన అడుగులను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కైతెన్ అంటే ఉన్న చోటనే రెండు పాదాల ముని భాగాల మీద నడుమును తిప్పి ముందు వెనుకలు మార్చుకోవడం. వెనుక కాలితో పూర్తి అడుగు ప్రవేశించి వెంటనే తిరిగితే ఇరిమి-తెన్‌కాన్. మోకాళ్ళ మీద నడిచే షిక్కో మరొకటి. అది నడుము కదలికను బాగా నేర్పుతుందని గురువులు చెబుతారు, నిజమే. కాని గట్టి నేల మీద దాన్ని ఎవరూ ప్రయత్నించకూడదని నా మోకాళ్ళు చెబుతాయి.

నేల సంగతి ఎత్తాను కనుక దాన్నీ చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మన ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు. జపాన్‌లో ఈ విద్యను తాతామి చాపల మీద చేస్తారు. కడపలో నాపరాయి పరచిన వరండా గాని, సిమెంటు మిద్దె గాని మనకు దొరికే నేల. రెండూ మోకాలికి రెండు రకాల శత్రువులు. నునుపు తేలిన నాపరాయి మీద దుమ్ము ఉంటే తిరిగే పాదం అనుకున్నదానికంటె ఎక్కువ జారుతుంది. గరుకు సిమెంటు మీద పాదం నేలకు అతుక్కుని ఆగిపోతుంది, పైన దేహం తిరుగుతూనే ఉంటుంది, ఆ మెలిక అంతా మోకాలు భరిస్తుంది. బొటనవేలు చూసే వైపే మోకాలు చూడాలి, తిరిగేటప్పుడు మడమ తేలికగా ఉండాలి, ఈ రెండింటిలో ఏది తప్పినా ఆ రోజుకు ఆపేయాలి. మా అభ్యాసంలో గరుకు మిద్దె మీద తెన్‌కాన్‌ను ఒకే ఊపులో చేయము, మూడు చిన్న అడుగులుగా విడగొట్టి చేస్తాము. చూడ్డానికి అందంగా ఉండదు. పడే విద్య అయిన ఉకెమిని మాత్రం పరుపులు లేకుండా మొదలుపెట్టనే కూడదు, అందుచేత విసుర్లను మేము బెంగళూరుకే వదిలేశాము. ఎండాకాలంలో మిద్దె మీద పొద్దున ఏడు దాటితే అరికాలు పెట్టలేము కనుక కాలనియమమూ దానంతట అదే అమరుతుంది.

విసుర్లు లేకపోయినా అడుగులకు కొరత లేదు. సుద్దముక్కతో బండల మీద ఒక గీత గీసి, ఒకరు ఆ గీత వెంట కర్రను నెమ్మదిగా దింపుతారు. రెండవవారు దెబ్బ గీత మీద పడే వేళకు తమ పాదాలు రెండూ గీతకు ఒకే పక్కన, కర్ర పట్టినవాడి మడమను దాటి ఉండేలా అడుగు వేస్తారు. అడుగు తరువాత ఎవరూ కదలకుండా నిలబడి కిందికి చూసుకుంటారు. మొదటి నెలలో నా వెనుక పాదం నూటికి తొంభై సార్లు గీత మీదనే మిగిలిపోయి కనిపించేది. ముందు కాలు ధైర్యంగా వెళ్ళింది, వెనుక కాలు ఇంకా పాత చోటనే ఉంది. కర్రను నిదానంగా దింపుతున్నప్పుడు అది ఎవరికీ తగలదు కనుక తప్పు తెలియదు. సుద్దగీత మీద పడ్డ పాదపు ముద్ర మాత్రం తెలియజేస్తుంది.